రచ్చబండ రాజీయు, గాయపడినవాని హక్కును

కదిరి, బుక్కపట్నముల నడుమ నున్న నల్లమాడ ప్రాంతమున వర్షాధారపు వేరుసెనగయే ముఖ్యమైన పైరు. వాన తప్పిన యేట కూలీలు బెంగుళూరికి వలస పోవుదురు. కురిసిన యేట ఆటోలలోను, ట్రాక్టరు ట్రాలీలమీదను పొలములకు పోవుదురు. ఎటులైనను వీరి బ్రదుకు దారిమీదనే గడచుచున్నది. ఆ దారిలో ప్రమాదము సంభవించినపుడు జరుగు తంతు చదువరు లెఱుంగనిది కాదు. వాహనపు యజమానియు, గాయపడినవాని బంధువులును ఊరి పెద్దలయెదుట కూర్చుందురు. కేసు లేకుండుటకు కొంత పైకము చేతులు మాఱును. కాగితముపై వ్రేలిముద్ర పడును. పెద్దలు తగవు తీర్చితిమని లేచి పోదురు. ఈ యాచారమును గూర్చి మేము నిర్మొగమాటముగ కొన్ని మాటలు చెప్పదలచితిమి; ఏలయన, ఆ పెద్దలలో మన చదువరులును గలరు.

అచట కోల్పోవున దెంతయో లెక్క వేసి చూతము. ముప్పది యెనిమిదేండ్ల కూలి నెలకు 9,000 రూపాయలు గడించుచుండెననియు, చేయి విఱిగి వాని సంపాదనాశక్తిలో నూటికి 40 వంతులు శాశ్వతముగ పోయెననియు ననుకొందము. సరళా వర్మ కేసులో 2009వ సంవత్సరమున సుప్రీంకోర్టు నిర్ణయించిన పట్టికనుబట్టి ఆ వయస్సునకు గుణకము 15. ఈ లెక్కకు 6,48,000 రూపాయ లగును. ప్రణయ్ సేఠీ కేసున 2017లో నిర్ణయించిన భవిష్యదభివృద్ధి నూటికి నలువది కలిపిన 9,07,200 రూపాయలు. వైద్యపు ఖర్చు, మంచము పట్టిన నెలల కూలి, అనుభవించిన బాధ దీనికి వేఱు. రచ్చబండపై ఇరువది, ముప్పది వేలకు తెగిన బేరమును దీని ప్రక్కన బెట్టి చూడుడు!

వైద్యుడు వ్రాసిచ్చు అంగవైకల్యపు శాతమే సంపాదన నష్టపు శాతము కాదు. రాజ్‌కుమార్ కేసులో 2010న సుప్రీంకోర్టు దీనిని చక్కగ విశదీకరించినది: ఎడమచేయి పోయిన గుమాస్తా తన యుద్యోగమును నిలుపుకొనవచ్చును గాని, వడ్రంగికిని, డ్రైవరుకును జీవనోపాధియే దాదాపుగ పోవును. చెట్టు పెఱికి కాయ కోయు కూలికిని ఇదే న్యాయము చెల్లవలయును. కావున ఆసుపత్రి చీటీలు, బిల్లులు, మెడికల్ బోర్డు యోగ్యతాపత్రముతోబాటు, వాడు చేయుచుండిన పని యెట్టిదో సాక్ష్యమిచ్చువారును ఉండవలెను.

వీని కన్నిటికిని పోలీసు రిపోర్టు పునాది. 2019 సవరణ ననుసరించి ప్రమాద సమాచార నివేదికను పోలీసులు మూడు నెలలలో సిద్ధపఱచి ట్రిబ్యునలునకు పంపవలయును. దానినే ట్రిబ్యునలు అర్జీగా స్వీకరింపవచ్చును. కేసే లేదన్న నివేదికయు లేదు. పైగా 2022 ఏప్రిల్ 1 మొదలు అర్జీ వేయుటకు ఆఱునెలల గడువు విధింపబడినది. ఈ గడువు కారణముగ అర్జీలను త్రోసివేయరాదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతరముగ నుత్తరువు చేసినది గాని, దానిని నమ్ముకొని కాలయాపన చేయుట వివేకము కాదు. బెంగుళూరిలో దెబ్బ తిన్నవాడు అచటికే పోయి వ్యాజ్యమాడ నక్కఱలేదు; తాను నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనే అర్జీ పెట్టుకొనవచ్చును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ఉచితముగ వకీలు నిచ్చుటకు 1987 నాటి న్యాయసేవల చట్టము కలదు.

మఱియొక చిక్కు కలదు. ఎవరి తప్పును ఋజువు చేయకయే మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు మోటారు వాహనముల చట్టపు 164వ సెక్షను క్రింద లభించును. బీమా కంపెనీ యిచ్చు ఆ సొమ్మునకు ఒప్పుకొనినచో పూర్తి పరిహారమునకై ట్రిబ్యునలులో వేసిన అర్జీ రద్దగును. వ్రేలిముద్ర వేయుటకు మున్ను ఈ సంగతి తెలియజెప్పువాడు ఊరి కొక్కడైనను ఉండవలదా? గ్రుద్ది పాఱిపోయిన వాహన మెవరిదో తెలియనపుడు మాత్రము మార్గము వేఱు: మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు, అర్జీ రెవెన్యూ అధికారికి పెట్టుకొనవలెను.

2022 జూన్ 30న తాడిమఱ్ఱి మండలమున కూలీల యాటోపై విద్యుత్తీగ పడి అయిదుగురు స్త్రీలు దగ్ధమైరి. ప్రభుత్వము కుటుంబమునకు 10 లక్షలు ప్రకటించెను. మంచిదే. కాని దయచే నిచ్చునది వేఱు, హక్కుగా రావలసినది వేఱు. తీగవలన ప్రాణహాని కలిగినపుడు అజాగ్రత్త ఋజువు కాకున్నను విద్యుత్సంస్థయే బాధ్యత వహింపవలయునని 2002లో, శైల్ కుమారి కేసున, సుప్రీంకోర్టు తీర్పు చెప్పియే యున్నది.

ఇక ట్రాక్టరు గల రైతులతో ఒక మాట. ట్రాలీ సరుకు మోయుటకు గాని మనుష్యులను మోయుటకు కాదు. సరుకు వాహనమున ఊరక యెక్కినవారి నిమిత్తము బీమా కంపెనీ బాధ్యత వహింప నక్కఱలేదని 2002 డిసెంబరులో ఆశా రాణి కేసున తీర్పు వచ్చినది. 2004లో బల్జీత్ కౌర్ కేసున కంపెనీచే సొమ్ము ముందు ఇప్పించి, దానిని యజమానినుండి రాబట్టుకొనుటకు అధికార మిచ్చిరి. ఎక్కినవారు తన కూలీలే యని రైతు వాదింపవచ్చును, కంపెనీ కాదనును, ఆ తగవు తేలువఱకు భారము రైతునెత్తిపైనే వ్రేలాడుచుండును. నాలుగెకరముల మెట్టభూమి గలవాడు అట్టి డిక్రీని దేనితో తీర్చగలడు? కాయ పెఱుకు దినములు వచ్చుటకు ముందే తన పాలసీలో కూలీల నిమిత్తము ప్రీమియము చెల్లింపబడినదో లేదో చదివించుకొని, జనమును చేర్చుటకు మనుష్యులు ప్రయాణింపదగిన బండినే కుదుర్చుకొనవలెను.