చేతులు కట్టెయ్యని కర్ర

మామిడి కోతలప్పుడు చెట్టెక్కినవాడు కొమ్మ విరిగి నిలువునా నేల మీద పడితే ఒంటి బరువంతా మడమల మీద పడుతుంది. మడమ ఎముక పైకి గట్టిదే గానీ లోపలంతా గుల్ల. అంత ఎత్తు నుంచి బరువు దిగేసరికి చిట్లి నుగ్గవుతుంది. కొల్లాపూర్ తోటల్లో పడ్డవాడికైనా, పాలమూరు నుంచి బొంబాయికో పుణెకో బిల్డింగు పనికి పోయి పరంజా మీంచి జారినవాడికైనా జరిగేది ఇదే. డాక్టరు పిండికట్టు వేసి, అవసరమైతే ఆపరేషన్ చేసి ప్లేటు బిగించి, చివరికి చెప్పే మాట ఒకటే: “ఆరు వారాలు కాలు కింద మోపొద్దు.” మడమ బాగా నలిగితే ఆరు కాస్తా పది, పన్నెండు అవుతాయి.

ఇక చేతికి వచ్చేవి చంకకర్రలు. విరిగింది ఒక్క మడమే. ఈ కర్రలు వచ్చాక మనిషికి రెండు చేతులూ లేకుండా పోతాయి. చెంబెడు నీళ్లు తెచ్చుకోలేడు, గొడుగు పట్టలేడు, బిడ్డను ఎత్తుకోలేడు. దుకాణం నడిపేవాడు సామాను అందివ్వలేడు, రొట్టెలు చేసే ఆమె పొయ్యి ముందు నిలబడలేదు. చంకకర్రలను సరిగ్గా వాడేవాళ్లు కూడా తక్కువే. పేరు చంకకర్ర అయినా బరువు చంక మీద పడకూడదు, అరచేతుల మీద పడాలి. కర్ర పై అంచుకూ చంకకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరేంత సందు ఉండాలి. అలసిపోయినవాడు చంకల మీద వేలాడతాడు. అక్కడ చేతికి పోయే నరం ఉంది. అది రోజుల తరబడి నలిగితే మణికట్టు పైకి లేవకుండా వాలిపోతుంది. కాలు బాగుచేసుకోబోయి చెయ్యి పోగొట్టుకున్నట్టు. ఒక కాలు ఎత్తిపట్టి రెండు కర్రల మీద నడవడానికి మామూలు నడకకు దాదాపు రెట్టింపు శక్తి ఖర్చవుతుందన్నది మరో సంగతి.

ఈ చిక్కుకు విరుగుడుగా వచ్చిందే మోకాలి కర్ర. చూడ్డానికి వింతగా ఉంటుంది. దెబ్బ తగిలిన కాలును మోకాలి దగ్గర వెనక్కి మడిచి, ఒక మెత్తటి దిండు మీద మోకరిల్లినట్టు ఆనిస్తారు. ఆ దిండు కింద ఒకే ఒక గొట్టం, గొట్టం అడుగున రబ్బరు బుష్షు. పైకి తొడ పక్కగా ఒక పట్టె పోతుంది. దాన్ని వెల్క్రో పట్టీలతో తొడకు బిగిస్తారు. పిక్క, చీలమండ, మడమ వెనక గాలిలో ఉంటాయి. బరువు మోకాలి నుంచి గొట్టం గుండా నేలకు దిగిపోతుంది. చేతులు రెండూ ఖాళీ.

ఇదేదో కొత్త ఆలోచన అనుకుంటే పొరపాటు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో పీటర్ బ్రూగెల్ 1568లో వేసిన జానెడు బొమ్మ ఒకటుంది. అందులో నడవలేని బిచ్చగాళ్లు మోకాళ్లను చెక్క దిమ్మల మీద మోపి తిరుగుతుంటారు. అదే శతాబ్దంలో ఫ్రాన్సు రాజుల దగ్గర శస్త్రవైద్యుడిగా పనిచేసిన అంబ్రాజ్ పారే తన గ్రంథంలో రెండు రకాల కృత్రిమ కాళ్లు గీయించాడు. ఒకటి కీళ్లూ స్ప్రింగులూ ఉన్న ఇనుప కాలు. దాన్ని కొనగలిగేది ప్రభువులూ సేనానులూ. రెండోది పేదవాళ్ల కోసం అని రాసి చూపించిన చెక్క కాలు. మడిచిన మోకాలి కింద దిండు, దాని కింద కొయ్య, తొడకు ఇరువైపులా రెక్కలు, బిగించడానికి పట్టీలు. ఈనాటి మోకాలి కర్రను పక్కన పెట్టి చూస్తే తాతా మనవడూ అని చెప్పక్కర్లేదు. (ఋగ్వేదంలో అశ్వినీ దేవతలు విశ్పలకు ఇనుప కాలు అమర్చిన కథ ఎత్తుకుని, అన్నిటికన్నా ముందుది మాదే అనొచ్చు. ఆ పోటీ ఇక్కడ వద్దు. ఆ కాలు ఎలా బిగించారో ఎవరూ రాసిపెట్టలేదు.)

పారే కాలంలో ఆ కొయ్య మోకాలి కింద కాలు తెగిపోయినవాళ్లది. కాలు ఉండీ మోపకూడనివాడికి కూడా అదే పనికొస్తుంది. ఈనాటి మోకాలి కర్ర ఆలోచన తట్టింది డాక్టరుకు కాదు, ఇంజినీరుకూ కాదు. లాన్స్ మాథ్యూస్ అనే కెనడా రైతుకు. కాలికి దెబ్బ తగిలింది, పొలం పని ఆగేది కాదు, చంకకర్రలతో పొలం పని కాదు. అందుకని తనకు తానే చెక్కతో ఒకటి తయారు చేసుకున్నాడు. అది తర్వాత ఐవాక్‌ఫ్రీ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. ఆపైన బ్రాడ్ హంటర్ అనే ఆయన సంస్థ దాన్ని పూర్తిగా మార్చి, అల్యూమినియం గొట్టాలతో, పనిముట్లు లేకుండానే సర్దుకునే పిన్నులతో ఐవాక్ 2.0గా, తర్వాత 3.0గా తెచ్చింది. బరువు రెండు కిలోలకు కాస్త ఎక్కువ. ఎడమ కాలికైనా కుడి కాలికైనా అదే సరిపోతుంది.

బిగించడం దగ్గరే సగం విద్య ఉంది. ముందు ఎత్తు. నిలబడ్డప్పుడు రెండు తుంట్లూ ఒకే మట్టంలో ఉండాలి. అద్దంలో చూసుకుంటే చాలదు. వెనక నుంచి ఒకరు రెండు తుంటి ఎముకల మీద బొటనవేళ్లు ఆనించి చూడాలి. గొట్టం ఒక రంధ్రం ఎక్కువైతే ఆ పక్క తుంటి పైకి లేచి, అడుగు వేసినప్పుడల్లా కాలు బయటికి తిరుగుతుంది. ఒక రంధ్రం తక్కువైతే మనిషి ఒకవైపు కుంగుతూ నడుస్తాడు, సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. కొలిచేటప్పుడు రెండో కాలికి రోజూ వేసుకునే చెప్పు ఉండాలి. ఒట్టి కాలితో కొలిచి చెప్పుతో నడిస్తే కొలత తప్పుతుంది.

తర్వాత దిండు. బరువు పడాల్సింది మోకాటి చిప్ప మీద కాదు, దాని కిందుగా, ముంగాలి ఎముక మొదలయ్యే అరచేయంత చోట. చిప్ప కింది నుంచి వచ్చే గట్టి స్నాయువు అక్కడే ఎముకకు అతుక్కుంటుంది. ఒంట్లో ఒత్తిడికి బాగా ఓర్చుకునే చోట్లలో అదొకటి. మోకాలి కింద కాలు పోయినవాళ్లకు చేసే కృత్రిమ కాలి గిన్నెలో కూడా బరువు మోసే ముఖ్యమైన చోట్లలో ఇదొకటి. మొదటి రెండు మూడు రోజులు అక్కడ కాస్త నొప్పిగా ఉంటుంది. చర్మం కందిపోయి రంగు తగ్గకపోతే మాత్రం దిండు జరిగిందని అర్థం.

ఆఖరికి తొడ పట్టీలు. ఇవి కర్ర ఊడిపోకుండా కట్టే తాళ్లనుకుని చాలామంది వదులుగా వేసుకుంటారు. అసలు కర్రను నడిపించేవి అవే. తొడ ముందుకు కదిలితే కర్ర కదలాలి, తొడ ఆగితే కర్ర ఆగాలి. పట్టీ వదులైతే తొడ ఒకవైపు, కర్ర మరోవైపు పోతాయి.

ఇక నడక. మొదట గోడ పక్కన, తోడుగా ఒక మనిషిని పెట్టుకుని, ఊరికే నిలబడాలి. భయంతో బరువంతా మంచి కాలి మీదే ఉంచి, కర్రను నేలకు తాకించీ తాకించనట్టు పెడతారు. తడబాటు మొదలయ్యేది అక్కడే. బరువు పూర్తిగా కర్ర మీదికి మార్చడం, మళ్లీ మంచి కాలి మీదికి తేవడం, ఇది ఒంటికి పట్టేదాకా అడుగు వెయ్యకూడదు. మామూలుగా నిలబడ్డప్పుడు మన చీలమండ క్షణక్షణం చిన్నచిన్నగా సర్దుకుంటూ ఒంటిని నిలబెడుతుంది. కర్రకు చీలమండ లేదు, వేళ్లు లేవు. ఆ పనంతా తుంటి నేర్చుకోవాలి.

అడుగులోనూ తేడా ఉంది. మామూలు నడకలో కాలు ముందుకు వచ్చేటప్పుడు మోకాలు కాస్త మడత పడుతుంది, కాలు పొట్టిదై నేలకు తగలకుండా దాటుతుంది. ఇక్కడ మోకాలు ముందే మడిచి ఉంది, కర్ర పొట్టి కాదు. అందుకే తుంటిని కొంచెం పైకి ఎత్తి కర్రను దాటించాలి. గడపలు దాటేచోట ఇది మరిచిపోతే ముందుకు బోర్లా పడతారు. చూపు కాళ్ల దగ్గర కాదు, నాలుగు గజాల ముందు ఉండాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్ర ముందు.

ఎవరూ చెప్పని ఇబ్బందులు రెండున్నాయి. మడిచిన కాలు వెనకవైపు మూరెడు పొడుచుకుని ఉంటుంది. మనం గుమ్మం దాటి తిరుగుతాం, దెబ్బ తగిలిన పాదం ద్వారబంధానికి తగులుతుంది. కూర్చుంటే కథ తిరగబడుతుంది. తొడ అడ్డంగా వస్తుంది కాబట్టి కర్ర ముందుకు తిన్నగా చాచుకుంటుంది. ఆర్టీసీ బస్సులో ముందు సీటుకు తగులుతుంది, లేదా నడిచే దారికి అడ్డం పడుతుంది. బస్సెక్కితే విప్పి ఒళ్లో పెట్టుకోవడమే మేలు. కింద కూర్చునే దొడ్డికి ఇది అసలు పనికిరాదు. నీళ్లు పడ్డ షాబాదు బండల మీద, దున్నిన చేలో, సోమశిల రేవు బురదలో దీనితో అడుగు పెట్టకూడదు.

ఇది అందరికీ కాదు కూడా. దెబ్బ మోకాలి కింద ఉండాలి. మోకాలు తొంభై డిగ్రీలు మడత పడాలి. రెండో కాలు గట్టిగా ఉండాలి. దెబ్బ తగలకముందు చెయ్యి ఆసరా లేకుండా మెట్లెక్కగలిగినవాడైతేనే దీని జోలికి పోవాలి. ముసలివాళ్లకు, తల తిరిగేవాళ్లకు, బాగా బరువున్నవాళ్లకు వద్దు. పిక్కలో కొత్తగా నొప్పీ వాపూ వస్తే రక్తం గడ్డకట్టిందేమోనని అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఆరోగ్యవంతులైన వాలంటీర్లతో అమెరికాలో చేసిన పరీక్షల్లో ఎక్కువమంది చంకకర్రల కన్నా దీన్నే ఇష్టపడ్డారు. తొడ, పిరుదు కండరాలు కూడా దీనితోనే ఎక్కువ పనిచేశాయి. కట్టు విప్పేసరికి తొడ సన్నబడిపోవడం మనం చూస్తూనే ఉంటాం కదా. పరీక్ష చేసింది దెబ్బ తగలనివాళ్ల మీదన్న సంగతి మాత్రం మరిచిపోకూడదు.

ఇప్పుడు ధర. అమెరికాలో నూటయాభై డాలర్ల పైమాటే, అంటే మన లెక్కలో పన్నెండు వేలు దాటుతుంది. చంకకర్రల జత కొన్ని వందలకు వస్తుంది. పారే పేదవాళ్ల కోసం గీసిన కాలు, ఒక రైతు చెక్కతో చేసుకున్న కాలు, కూలివాడికి అందనంత దూరం పోయింది.

ఇలాంటివి మనవాళ్లు తగ్గించలేనివేమీ కావు. హైదరాబాద్ డీఆర్‌డీఎల్ ప్రయోగశాలలో క్షిపణుల కోసం తయారుచేసిన తేలికపాటి పదార్థాన్ని చూసి, నిమ్స్ ఎముకల వైద్యుడు ఒకరు అబ్దుల్ కలాంను తన ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా ఉన్న ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్ తయారైందని కలాం చాలా సభల్లో చెప్పారు. దాని కిటుకు బరువు తగ్గించడంతో ఆగలేదు. పాదం నేల మీద పడ్డప్పుడు నేల తిరిగి నెట్టే బలం, గట్టి అచ్చు గుండా పైకి వచ్చి, మోకాటి చిప్ప కింద ముంగాలిని వెనక్కి నొక్కుతుంది. మోకాలు ముందుకు కూలిపోదు. తొడదాకా ఇనుప కమ్మీలు అక్కర్లేదు. ఇక్కడా ఆ అరచేయంత చోటే పనిచేసింది. అంతకుముందే 1968లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే చేతిపనివాడూ డాక్టర్ పి.కె. సేఠీ కలిసి రబ్బరుతో పాదం చేశారు. దానితో చెప్పు లేకుండా నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, చేలో దిగొచ్చు.

చవకైన మోకాలి కర్ర చేతకాక కాదు, ఎవరికీ పట్టక ఆగిపోయింది. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం పథకం ఏడిప్ 1981 నుంచి ఉంది. కాన్పూరులోని అలిమ్‌కో సంస్థ కర్రలూ మూడుచక్రాల బండ్లూ చేస్తుంది. ఆ పథకానికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. మూడు నెలల పాటు కాలు మోపకూడని మడమ ఏ శాతంలోకీ రాదు. మడమ విరిగినవాడికి కావాల్సింది సొంతం చేసుకునే కర్ర కాదు, వాడి తిరిగి ఇచ్చే కర్ర. పరంజా మీంచి పడి వచ్చినవాడికి చంకకర్రలు తప్ప వేరే దారి చూపించినవాళ్లు మన వైపు కనిపించరు. 2022లో నాగర్‌కర్నూల్‌కూ వనపర్తికీ సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఒక్కో ఎముకల విభాగంలో పది మోకాలి కర్రలు పెట్టి, పూచీ మీద ఇచ్చి, కట్టు విప్పిన రోజున వెనక్కి తీసుకుంటే చాలు. బిగించడం, నడిపించడం ఫిజియోథెరపిస్టుకు రెండు పూటల పని. జిల్లా కలెక్టర్లు తలుచుకుంటే వచ్చే మామిడి కోతల నాటికి ఇది జరుగుతుంది.