బందరు లడ్డు నిలవ ఎలా ఉంటుంది?

మచిలీపట్నం మిఠాయి కొట్లలో అమ్మే బందరు లడ్డు మీరు తిన్నారా? 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. మామూలు లడ్డులో బూందీ కనిపిస్తుంది. ఇందులో కనిపించదు. ఎందుకో తెలుసా?

శనగపిండిని పూసగా వేయించి, దంచి, జల్లిస్తారు. ఆ పొడిని బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్లీ మెత్తగా దంచుతారు. అందుకే దీనికి తొక్కుడు లడ్డు అని పేరు.

వండిన అన్నం మర్నాటికే పాచిపోతుంది. ఈ లడ్డు మాత్రం రోజుల తరబడి పాడవదు. తేడా నీటిలో ఉంది. సూక్ష్మజీవులు పెరగాలంటే నీరు కావాలి. పూస వేగేటప్పుడు పిండిలోని నీరు చాలావరకు ఆవిరైపోతుంది. పాకంలో మిగిలిన కొద్దిపాటి నీటిని బెల్లంలోని చక్కెర పట్టి ఉంచుతుంది. పైగా లడ్డుపై చేరిన సూక్ష్మజీవిలోని నీరు కూడా బయటికి వచ్చేస్తుంది. దీన్నే ద్రవాభిసరణ అంటారు.

మీరే పరీక్షించండి. తరిగిన దోసకాయ ముక్కలపై ఉప్పు చల్లండి. కాసేపటికి నీరు ఊరుతుంది. జరిగింది ద్రవాభిసరణే!

పాకం లేతగా ఉంటే నీరు ఎక్కువై లడ్డు త్వరగా బూజు పడుతుంది. లడ్ల డబ్బాలో తడిచెయ్యి పెడితే అమ్మమ్మ కేకలేసేదీ అందుకే!