నాష్తాకు పండ్ల ఓట్స్: రోగికి ఒక్కరికే కాదు, ఇంటిల్లిపాదికీ

ఉదయం నాష్తాలో ఏం తీసుకుంటున్నారు? మా మతబ్‌కు వచ్చినవారిని నాడి పట్టుకునే ముందు నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. అనంతపురం, కడప, చిత్తూరు, కర్నూలు వైపు నుండి వచ్చి బెంగుళూరులో స్థిరపడిన మన కుటుంబాలలో చాలామంది చెప్పే జవాబు కూడా దాదాపు ఒకటే: "చాయ్, బన్ను, హకీం సాబ్." కొందరు రాత్రి మిగిలిన పరోటా అంటారు. పిల్లలైతే స్కూలు వ్యాను వచ్చేలోపు రెండు రస్కులు చాయ్‌లో ముంచుకుని తింటారు, లేదా సందు చివరి బేకరీలో ఒక పఫ్.

బన్ను, రస్కు, పరోటా, పఫ్ పేర్లు నాలుగైనా వస్తువు ఒకటే, మైదా. గోధుమ పైపొట్టులోని పీచును, మొలకను తీసేయగా మిగిలిన పిండి అది. కడుపులోకి వెళ్లగానే తొందరగా అరిగి చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. పదకొండు గంటలకల్లా మళ్లీ ఆకలి, మళ్లీ చాయ్, మళ్లీ బిస్కెట్. ఇలా పదేళ్లు, పదిహేనేళ్లు గడిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. భారతీయ వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ వ్యాధి ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు.

రోగి గిన్నె వేరు పెట్టకండి

షుగర్, కొలెస్ట్రాల్ ఉన్నవారిలో చాలామందికి డాక్టరు గారు ఓట్స్ తినమని చెప్పే ఉంటారు. ఇంట్లోవాళ్లు ప్యాకెట్ తెస్తారు. నీళ్లలో ఉడికించి, చప్పగా జావ చేసి అబ్బాజాన్ ముందు పెడతారు. అదే దస్తర్‌ఖాన్ మీద మిగతావారంతా పూరీ, ఖీమా తింటుంటారు. ఆయన నాలుగు రోజులు ఓర్చుకుంటారు. ఐదో రోజు "నేనేమైనా ఆస్పత్రిలో ఉన్నానా?" అని గిన్నె పక్కకు తోసి పూరీ అందుకుంటారు. ప్యాకెట్ డబ్బా వెనక పురుగు పట్టే దాకా పడి ఉంటుంది.

ఇక్కడ తప్పు పెద్దాయనది కాదు, ఓట్స్‌ది అంతకన్నా కాదు. పర్హేజ్ అనేది ఒక్కరి మీద శిక్షలా పడితే నిలవదు. ఇంట్లో అందరూ అదే తింటే అది పర్హేజ్ అనిపించదు, ఆ ఇంటి అలవాటైపోతుంది. పైగా తండ్రికి షుగర్ ఉన్న ఇంట్లో పిల్లలకూ ఆ ప్రమాదం ఎక్కువే కదా! ఆయనకు మంచిదైన నాష్తా వారికి మరింత అవసరం. అందుకే ఓట్స్‌ను జావగా కాకుండా, పండ్లు, పాలు, గుడ్డు కలిపి, ట్రేలో కాల్చి, ముక్కలుగా కోసి అందరికీ వడ్డించే పద్ధతి ఈ వారం చెబుతున్నాను.

మన తిబ్బ్‌లో దీని చుట్టం ఉంది

"ఓట్స్ విదేశీ తిండి కదా, యూనానీకి దానికి సంబంధం ఏమిటి?" అని మీరు అడగవచ్చు. ఓట్స్‌ను ఉర్దూలో జై అంటారు. మన దేశంలో ఉత్తరాది రాష్ట్రాలలో ఎక్కువగా పశువుల మేత కోసం పండిస్తారు. దీనికి దగ్గరి చుట్టం జౌ, అంటే బార్లీ. యూనానీ వైద్యంలో జౌకు ఉన్న గౌరవం అంతా ఇంతా కాదు. తీవ్ర జ్వరాలలో రోగికి జౌ గంజి ఇవ్వాలని బుఖ్రాత్, అంటే హిపోక్రటీస్ కాలం నుండే చెబుతూ వచ్చారు. జౌ నీటిని మన హకీములు మాఉష్షయీర్ అంటారు. ఇప్పటికీ వాడుతున్నాం.

దైవప్రవక్త (స) కాలంలో జౌ పిండితో తల్‌బీనా అనే పల్చని వంటకం చేసేవారు. పాలలా తెల్లగా ఉండడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. ఇంట్లో ఎవరైనా చనిపోతే హజ్రత్ ఆయిషా (రజి) తల్‌బీనా వండించి, సరీద్ మీద పోయించి, అక్కడున్న దగ్గరి స్త్రీలందరినీ తినమనేవారని సహీహ్ బుఖారీ ఉల్లేఖనం. అది రోగి మనసుకు ఊరట ఇస్తుందని ఆమె చెప్పేవారు. గమనించండి, దాన్ని ఒకరిని వేరుగా కూర్చోబెట్టి తినిపించలేదు, అందరూ కలిసి తిన్నారు.

జౌలోనూ ఓట్స్‌లోనూ సమానంగా ఉన్న గుణం ఏమిటో నేటి విజ్ఞానం వివరించింది. రెండింటిలోనూ బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు ఉంటుంది. అది పేగుల్లో నీటితో కలిసి జిగటగా మారి, చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా పోకుండా నిదానం చేస్తుంది. కాలేయం నుండి వచ్చిన పిత్తరసాన్ని కొంత పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోతుంది. అప్పుడు కాలేయం కొత్త పిత్తం తయారీకి రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ తీసుకుంటే కొలెస్ట్రాల్‌కు మేలని ఓట్స్ ప్యాకెట్ మీద రాసుకునేందుకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో అనుమతి ఇచ్చింది. తర్వాత జౌకు కూడా ఆ అనుమతి వర్తింపజేసింది.

కావలసినవి (ఆరు ముక్కలకు)

రోల్డ్ ఓట్స్ 2 కప్పులు (సుమారు 180 గ్రాములు)
పాలు 450 మి.లీ.
గుడ్లు 2
బాగా పండిన అరటిపండు 1
ఆపిల్ 1 పెద్దది (తొక్కతోనే)
గింజ తీసిన ఖర్జూరాలు 4
బాదం లేదా అక్రోట్ గుప్పెడు
బేకింగ్ పౌడర్ 1 టీ స్పూను
దాల్చినచెక్క పొడి అర టీ స్పూను
యాలకులు 2, ఉప్పు చిటికెడు, ట్రేకు రాయడానికి కొంచెం నెయ్యి

చక్కెర అక్కరలేదు. తీపి పండ్ల నుండే వస్తుంది.

చేసే విధానం

ఇషా నమాజు తర్వాత పాలలో ఓట్స్ నానబెట్టి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బాదం విడిగా నీళ్లలో వేయండి. ఉదయం ఫజ్ర్ తర్వాత అరటిపండును చేత్తో మెత్తగా మెదిపి, గిలక్కొట్టిన గుడ్లతో కలపండి. దీనిలో నానిన ఓట్స్, సన్నగా తరిగిన ఆపిల్, ఖర్జూరం, దాల్చినచెక్క, యాలకుల పొడి, ఉప్పు, చివరగా బేకింగ్ పౌడర్ వేసి కలపండి. నెయ్యి రాసిన ట్రేలో పోసి పైన బాదం పలుకులు చల్లండి. ముందే వేడి చేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 35 నుండి 40 నిమిషాలు ఉంచండి. మధ్యలో చాకు గుచ్చితే పిండి అంటకుండా రావాలి. బయటికి తీసి పది నిమిషాలు ఆగి కోస్తే ముక్క విరగదు.

ఓవెన్ లేదా? చింత వద్దు. దమ్ బిర్యానీ చేసే చేతులకు ఇది కష్టం కాదు. మందపాటి దేగిశాలో రెండు అంగుళాల ఇసుక పరచి, దాని మీద చిన్న స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడి చేయండి. పిండి పోసిన గిన్నెను స్టాండు మీద ఉంచి, మూత బిగించి సన్నని సెగ మీద 45 నుండి 50 నిమిషాలు ఉంచండి. పైభాగం ఓవెన్‌లోలా ఎర్రగా కాలదు, రుచిలో మాత్రం లోటు ఉండదు.

ఏ ఓట్స్, ఏ పండ్లు?

దుకాణంలో మూడు రకాలు కనబడతాయి. గింజను ముక్కలుగా కోసినది, రేకులుగా నొక్కిన రోల్డ్ ఓట్స్, రెండు నిమిషాలలో ఉడికే ఇన్‌స్టంట్. ఎంత సన్నగా నలిగితే అంత త్వరగా అరిగి చక్కెరను పెంచుతుంది. కాబట్టి రోల్డ్ ఓట్స్ తీసుకోండి. మసాలా, పండ్ల రుచులు కలిపిన ప్యాకెట్లు కొనేముందు వెనక్కి తిప్పి చూడండి. ఎక్కువ బరువున్న వస్తువు పేరు జాబితాలో ముందుంటుంది. అక్కడ చక్కెర పైవరుసలో ఉంటే తిరిగి అరలో పెట్టేయండి.

పండ్ల విషయంలో ఒక నియమం. పాలతో పులుపు కలపరాదని మన తబీబులు చెబుతూ వచ్చారు. నారింజ, అనాస, పుల్లని ద్రాక్ష ఈ ట్రేలో వేయకండి. పాలు విరుగుతాయి, పచ్చి అనాసతోనైతే చేదు కూడా ఎక్కుతాయి. ఆపిల్, అరటి, సపోటా, బేరిపండు, అంజీర్, కాలంలో తీయని మామిడి చక్కగా సరిపోతాయి. జామపండును మాత్రం కాల్చకండి. అందులోని విటమిన్ సి వేడికి తగ్గిపోతుంది. కోసి పక్కన పెట్టుకుని పచ్చిగా తినండి. శివాజీనగర్ రసెల్ మార్కెట్‌కు వెళ్లేవారు ఏ కాలానికి ఏది కుప్పలుగా వస్తే అదే తెచ్చుకోండి. దూరదేశపు ఖరీదైన పండ్లకన్నా అదే మేలు.

మీ మిజాజ్‌ను బట్టి

యూనానీ దృష్టిలో జౌ సర్ద్, ఖుష్క్, అంటే చల్లదనం, పొడితనం కలది. ఓట్స్‌ను కూడా దాని వరుసలోనే చూసుకుని, పాలు, బాదం, ఖర్జూరంతో ఆ పొడితనాన్ని, దాల్చినచెక్కతో ఆ చల్లదనాన్ని సరిచేసుకుంటాం. బల్గమీ మిజాజ్ వారు, అంటే తరచూ జలుబు, కఫం, బద్ధకం ఉండేవారు అరటి తగ్గించి, చిటికెడు సొంఠి కలుపుకుని వేడిగా తినాలి. బెంగుళూరు డిసెంబరు, జనవరి ఉదయాలలో ఇది మరీ అవసరం. సఫ్రావీ మిజాజ్ వారు, అంటే ఒంట్లో వేడి, నోట్లో చేదు ఉండేవారు దాల్చినచెక్క మానేసి ఆపిల్, బేరిపండు ఎక్కువ వేసుకోవాలి. మలబద్ధకం, నిద్రలేమితో బాధపడే సౌదావీ మిజాజ్ వారికి నానబెట్టిన అంజీర్, కిస్మిస్ కలపడం మంచిది.

ఎంత తినాలి, ఎవరు జాగ్రత్తపడాలి?

ఒక్కో ముక్కలో సుమారు 30 గ్రాముల ఓట్స్ ఉంటుంది. బీటా గ్లూకాన్ లెక్కలో అది సుమారు 1.2 గ్రాములు. అంటే పైన చెప్పిన 3 గ్రాములలో సగం కూడా కాదు. అలాగని మూడు ముక్కలు తినమని కాదు. పెద్దలకు ఒకటి, శరీర శ్రమ చేసేవారికి, ఎదిగే పిల్లలకు రెండు చాలు. మిగతాది సాయంత్రం షోర్బాలో గుప్పెడు జౌ వేసి ఉడికించుకుంటే చాలావరకు భర్తీ అవుతుంది. ఓట్స్ ఖరీదు భారమనుకునేవారు సగం ఓట్స్, సగం రాగిపిండి కలుపుకోవచ్చు. పిండి పాలను ఎక్కువ పీలుస్తుంది కాబట్టి మరో అరకప్పు పాలు పోయండి. రమజాన్‌లో సహరీకి కూడా ఇది బాగుంటుంది, నిదానంగా అరుగుతుంది.

షుగర్ ఉన్నవారు అరటి, ఖర్జూరం లేకుండా ఆపిల్‌తోనే చేయించుకోండి. అందరికీ ఒకే ట్రే అయితే ఒక మూల ఖర్జూరం లేకుండా ఉంచితే సరి. తేనె మంచిదే కదా అని ధారగా పోసుకోకండి, అది కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు అరటి, ఖర్జూరం, బాదం విషయంలో ముందు డాక్టరును అడగాలి. గోధుమలు పడని సీలియాక్ జబ్బు ఉన్నవారు మామూలు ఓట్స్ తినరాదు, వాటిలో గోధుమ కలిసే అవకాశం ఉంది. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలు ఇవ్వకూడదు. చిన్నపిల్లల ముక్కలో బాదం పొడి చేసి వేయండి, పలుకులు గొంతుకు అడ్డం పడతాయి. పీచు అలవాటు లేనివారు చిన్న ముక్కతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగాలి. లేకపోతే కడుపు ఉబ్బరిస్తుంది.

మాత్రలు మానకండి

చివరగా ముఖ్యమైన మాట. "ఓట్స్ తింటున్నాను, ఇక మాత్ర ఎందుకు?" అని కొందరు అనుకుంటారు. యూనానీలో ఇలాజ్ బిల్ గిజా, అంటే ఆహారంతో చికిత్స అనేది నిజంగానే ఒక శాఖ. కానీ ఇలాజ్ బిద్దవా, అంటే మందుతో చికిత్స కూడా దాని పక్కనే ఉంది. ఒకటి చేస్తున్నామని రెండోది మన ఇష్టం వచ్చినట్టు ఆపే అధికారం మనకు లేదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్, బీపీ మందులు మీ డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మానకండి, మోతాదు తగ్గించకండి. యూనానీ సలహా కావాలంటే మాగడి రోడ్డులో కొట్టిగెపాళ్య వద్ద 1984లో నెలకొల్పిన జాతీయ యూనానీ వైద్య సంస్థ ఉంది. అక్కడికి వెళ్లినా, మరే హకీం దగ్గరికి వెళ్లినా మీరు వాడుతున్న ఇంగ్లీషు మందుల చీటీ వెంట తీసుకెళ్లి చూపించండి.

ఇంట్లో షుగర్ చూసుకునే మిషన్ ఉంటే ఒక పని చేయండి. ఒక రోజు మీరు మామూలుగా తినే బన్ను, చాయ్ మొదలుపెట్టిన రెండు గంటలకు షుగర్ చూసి కాగితం మీద రాసుకోండి. మరో రోజు అదే వేళకు ఈ ముక్క తిని, రెండు గంటల తర్వాత మళ్లీ చూడండి. ఆ రెండు రోజులూ మందులు యథాప్రకారం వేసుకోవాలి. ఆ రెండు అంకెలూ రాసిన కాగితం ఈసారి డాక్టరు గారి దగ్గరికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి. ఏ నాష్తా మీకు సరిపడుతుందో చెప్పడానికి ఆయనకు అది పనికొస్తుంది.