చెరకు తోటల సీమలో మూడేండ్లు

మిషనరీ అనగానే మనవాళ్ళ కండ్లముందు ఒక తెల్లదొర నిలబడతాడు. నెత్తిన టోపీ, చేతిలో పుస్తకం, నోట వచ్చీరాని తెలుగు! మా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలవారికి ఈ రూపం కొత్తది కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మేము బళ్ళారి జిల్లావాళ్ళం. ఆ బళ్ళారికి 1810లోనే లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ అనే ఆయన వచ్చి, కన్నడం నేర్చుకొని, బైబిలును ఆ భాషలోకి తెచ్చే పనికి పూనుకొన్నాడు. అయితే మన తెలుగువాళ్ళు కూడా పెట్టె సర్దుకొని, సముద్రం దాటి, ఇదే పనిమీద వెళ్ళారంటే ఎందరు నమ్ముతారు? అలా వెళ్ళినవారిలో నేనూ ఒకణ్ణి. నాకంటే నూరేండ్లకు పైగా ముందు వెళ్ళిన ఒక నెల్లూరాయన సంగతి చెప్పి, తరువాత నా సంగతి చెబుతాను.

1860 నవంబరు 16న మద్రాసునుంచి బయలుదేరిన ‘ట్రురో’ అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకు చేరింది. అందులో ఉన్నది నేటాల్ చెరకు తోటలకు కుదిరిన కూలీలు. అయిదేండ్ల ఒప్పందం, మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల జీతం. 1911 వరకు ఇలా 1,52,000 మందికి పైగా మనదేశంనుంచి అక్కడికి చేరారు. వారిలో తెలుగువాళ్ళు చాలామందే. నెల్లూరు మిషనులో బాప్తిస్మం పొందినవాళ్ళూ ఉన్నారు కాని, వాళ్ళ భాషలో ప్రార్థన చేసేవారు లేరు. చచ్చిపోతే నాలుగు మాటలు చెప్పి మట్టి చేసేవారు లేరు. వాళ్ళకోసం తెలుగు బాప్టిస్టుల హోం మిషనరీ సొసైటీ 1903లో జాన్ రంగయ్యగారిని పంపింది. పంపింది దొరలు కారు సుమా, మనవాళ్ళే! ఆయన ఆ సంవత్సరమే హులెట్ దొరగారి తేయాకు తోట ఉన్న కియర్స్నీలో తెలుగు సంఘం స్థాపించారు. 1915లో మరణించేదాకా తోటల్లోని కూలీలే ఆయన లోకం.

ఇక నా సంగతి. మాది ఎమ్మిగనూరు. మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్ళకు సహకార సంఘం పెట్టిన ఊరది. మా నాయనా మగ్గంమీదే మమ్మల్ని పెంచాడు. ఇరవయ్యారో ఏట నేను ప్రయాణమైనప్పుడు ఆయన నాడె ఆపి ఒక్కటే మాట అడిగాడు: “ఏమప్పా, ఈడ లేరా బీదోళ్ళు? ఆడికే పోవల్లా?”

నావద్ద జవాబు లేదు. ఆదోని స్టేషనులో బొంబాయి రైలు ఎక్కినా ఆ మాట దిగిపోలేదు.

నన్ను ఉంచింది డర్బన్‌కు ఉత్తరాన, చెరకు తోటల మధ్యనున్న వెరులం అనే ఊళ్ళో. తెల్లవారి అయిదు గంటలకు లేచి ప్రార్థనకు కూర్చొనేవాణ్ణి. అప్పటికి మన గడియారంలో ఎనిమిదిన్నర. ఈపాటికి మగ్గాలు మొదలై ఉంటాయి గదా అనుకొనేవాణ్ణి. పగలంతా ఆసుపత్రిలో రోగులను పలకరించడం, ముసలివాళ్ళకు మందులు తెచ్చి ఇవ్వడం. సాయంత్రం ఏదో ఒక ఇంట్లో ప్రార్థన. డిసెంబరు అక్కడ ఎండాకాలం. క్రిస్మసు నాడు ఉక్కపోతతో విసనకర్ర వెదుక్కోవాలి!

రెడ్డి, నాయుడు అని పేర్లున్నా ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషే. ఆంధ్ర మహాసభ 1931నుంచి తెలుగును నిలపాలని పాటుపడుతున్నా, చాలా ఇండ్లలో తెలుగు పేర్లలోనే మిగిలింది. రంగయ్యగారు భాష తీసుకొని వెళ్ళారు. నా చేతిలో అదీ లేదు. ఇక నేను ఇక్కడ ఎందుకు?

దీనికి తోడు జూలూ నేర్వాలి. ఆదోని పత్తి మార్కెట్లో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే బేరంలో వింటూ పెరిగినవాణ్ణి గనుక భాషంటే బెదరలేదు. కాని జూలూలో నాలుకను టక్కుమనిపించే అక్షరాలు మూడు రకాలు! పిల్లలు నా చుట్టూ చేరి పలికించి పకపకా నవ్వేవారు. అక్కడ ‘సావుబోనా’ అని పలకరిస్తారు. నిన్ను చూస్తున్నాము అని అర్థం. పాదిరిని ‘ఉమ్ఫుండిసి’ అంటారు. ఆ మాటకు మూలధాతువు నేర్చుకోవడమని తెలిసి ఆశ్చర్యపోయాను. వాళ్ళు తినే ‘ఫుటు’ అనే మొక్కజొన్న ముద్దను పులిసిన పాలతో తింటే, మజ్జిగలో కలిపిన జొన్న సంగటి గుర్తుకు వచ్చేది.

రెండో ఏడు మా వైపు వానలు పడలేదు. మా అక్కా బావా ఇంటికి తాళం వేసి, పిల్లలను వెంటబెట్టుకొని మిరపకోతకు గుంటూరు సీమకు వలస పోయారని ఫోను వచ్చింది. పంపడానికి నావద్ద డబ్బు లేదు. ఆ వారమంతా ప్రార్థనకు కూర్చొంటే మాట రాలేదు. నాయన ప్రశ్న ఒక్కటే వినిపించేది.

నా పక్కయింట్లో ఎనభై దాటిన ఒక తెలుగువాళ్ళ ముసలామె ఉండేది. అందరం ఆంటీ అనేవాళ్ళం. నా మొహం చూసి సంగతి రాబట్టింది. “మా అమ్మమ్మా ఇలాగే ఇల్లు వదిలి ఓడ ఎక్కింది నాయనా! ఆమెకోసం ఎవరైనా ప్రార్థించారో లేదో” అన్నది ఇంగ్లీషులో. మా అక్క పేరు రెండుసార్లు పలికి నేర్చుకొన్నది. ఆ బుధవారంనుంచి ప్రతి ప్రార్థనలోనూ ఆ పేరు వినిపించింది. గుంటూరు ఎక్కడుందో తెలియని జూలూ స్త్రీలు కూడా, నాకు రాని మాటలను వాళ్ళే అందుకొని, మా అక్కకోసం మోకరించారు. నేను ఇవ్వడానికి వెళ్ళినచోట నాకే ఇచ్చారు. నా విశ్వాసం నిలిచింది నా బలంతో కాదు, వాళ్ళ బలంతో.

ఎంతమందిని కలిపావని ఇక్కడ మిత్రులు అడుగుతుంటారు. ఆ లెక్క నేను పెట్టలేదు. ఎన్ని ఇండ్లలో నా పేరు తెలుసునని అడిగితే మాత్రం చెప్పగలను.

తిరిగి వచ్చాక నాయన ప్రశ్నకు మాటలతో జవాబు చెప్పలేదు. వలస కాలంలో అవ్వల దగ్గర మిగిలిపోయే పిల్లలకు మా పేటలో సాయంత్రం చదువు చెబుతున్నాను. ఏ మతంవాళ్ళని అడగను. మొదటిరోజు చేసే పని ఒక్కటే: ప్రతి పిల్లవాడి పేరూ రెండుసార్లు పలికి నేర్చుకొంటాను. మొన్న మా నాయన ఆ గదికి ఒక చాప తెచ్చి పరిచి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళాడు.