ఎవరి చోటు వారిది

కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో పెరిగిన వాళ్ళకు ఆటస్థలం అంటే వెనకాల సైనైడు దిబ్బ కనిపించాల్సిందే. ఆ దిబ్బల పక్కనే హాకీ, ఫుట్‌బాల్, క్రికెట్ అన్నీ ఆడాం. ఆ ఆటల్లో నేను చేసిన ఒక పొరపాటు ఈనాటికీ మనసులో మెదులుతూ ఉంటుంది.

బ్యాంకులో చేరిన కొత్తలో మా క్రికెట్ జట్టుకు నేనే కెప్టెన్‌ని. ఒకరోజు వికెట్ కీపర్ రాలేదు. చక్కగా లెగ్ స్పిన్ వేసే క్యాషియర్ కుర్రాడికి, "ఈ ఒక్కరోజుకీ సర్దుకో తమ్ముడూ" అని గ్లవ్స్ ఇచ్చాను. ఆ ఒక్కరోజు కాస్తా సీజనంతా అయింది. మాకు మంచి కీపరూ దొరకలేదు, ఉన్న మంచి బౌలరూ పోయాడు. జమా ఖర్చులు చదువుకున్న వాణ్ణి, ఒకచోట ఖాళీ పూడిస్తే మరోచోట ఖాళీ పడుతుందని గ్రహించలేకపోయాను. మరుసటి ఏడు అతను ఆటకే రాలేదు. అడిగితే, "బౌలింగ్ మరిచిపోయినట్టుంది సార్" అని నవ్వేశాడు. ఆ నవ్వు నన్ను బాధించింది.

మన వి.వి.ఎస్. లక్ష్మణ్ కథ మీకు తెలిసిందే. మధ్య వరుసలో ఆడవలసిన ఆయనను, ఓపెనర్లు కరువై 1997 నుంచి ఇన్నింగ్స్ ప్రారంభించడానికి పంపారు. 2000 జనవరిలో సిడ్నీలో 167 పరుగులు చేసినా నిలకడ కుదరలేదు. ఆ తర్వాత ఇక ఓపెనింగ్ చేయనని నిశ్చయించుకున్నారు. ఆ సీజన్ రంజీలో 1,415 పరుగులు చేశారు. అందులో బెంగుళూరులో కర్ణాటక మీద చేసినవే 353.

2001 ఫిబ్రవరి 28న మా గనులు మూతపడ్డాయి. గని పని తప్ప వేరే ఎరగని వాళ్ళు తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరులో దొరికిన పనికల్లా పోవలసి వచ్చింది. చోటు తప్పడమంటే ఏమిటో మా ఊరికి వేరే చెప్పనక్కరలేదు. రెండు వారాలకు కలకత్తా టెస్టు. ఫాలోఆన్‌లో లక్ష్మణ్‌ను ఆరో స్థానం నుంచి మూడుకు తెచ్చి, ద్రావిడ్‌ను మూడు నుంచి ఆరుకు దించారు. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. ఇద్దరూ కలిసి 376. భారత్ 171 పరుగులతో గెలిచింది.

అయితే చోటు మార్చడం మంచిదేనా? సెహ్వాగ్ కూడా మధ్య వరుస నుంచి వచ్చి 2002లో ఓపెనర్‌గా స్థిరపడ్డారు. తేడా ఒక్కటే. కలకత్తాలో మార్పు ఆటగాడి ఊపును చూసి చేసింది. నేను చేసింది ఖాళీని చూసి.

పిల్లల్ని ఏదో ఒక కోర్సులో సీటు ఉందని చేర్పించే ముందు మనమూ ఈ మాట ఆలోచించాలి. ఆనాడు గ్లవ్స్ ఇచ్చేముందు "నీకు ఇష్టమేనా తమ్ముడూ" అని నేను అడగనే లేదు.