గురుత్వ తరంగాలు: వందేళ్ల లెక్కకు దొరికిన రుజువు

2015 సెప్టెంబర్ 14. మన కాలమానం ప్రకారం మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలు దాటింది. అమెరికాలోని లివింగ్‌స్టన్‌లో ఉన్న లైగో అనే పరికరంలో ఒక సంకేతం నమోదైంది. అది నిలిచింది సెకనులో అయిదో వంతు మాత్రమే. మరో 7 మిల్లీసెకన్లకు, 3,000 కిలోమీటర్ల అవతల హాన్‌ఫర్డ్‌లో ఉన్న రెండో పరికరంలోనూ అచ్చం అలాంటి సంకేతమే కనిపించింది. శాస్త్రవేత్తలు దాన్ని అయిదు నెలల పాటు అన్ని విధాలా పరీక్షించి, 2016 ఫిబ్రవరి 11న లోకానికి చెప్పారు. సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి, ఢీకొని, ఒకటైపోయాయి. ఆ కబురు మోసుకొచ్చింది కాంతి కాదు, గురుత్వ తరంగం.

గురుత్వ తరంగం అంటే ఏమిటో తెలియాలంటే, అసలు గురుత్వాకర్షణ అంటే ఏమిటన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి.

లాగడం కాదు, వంపు

ద్రవ్యరాశి ఉన్న ప్రతి వస్తువూ మరో వస్తువును లాగుతుందని 1687లో న్యూటన్ చెప్పాడు. గ్రహాల గమనాన్ని ఆ సూత్రం చక్కగా లెక్కగట్టింది. అయితే అందులో ఒక చిక్కుంది. సూర్యుడు ఉన్నట్టుండి మాయమైతే, న్యూటన్ లెక్క ప్రకారం భూమి ఆ క్షణమే కక్ష్య తప్పాలి. సూర్యుడి వెలుగు మనల్ని చేరడానికే 8 నిమిషాలకు పైగా పడుతుంది. కాంతి కంటే వేగంగా ఏ సమాచారమూ ప్రయాణించలేదని 1905లో ఐన్‌స్టీన్ ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతం తేల్చింది. మరి సూర్యుడు లేడన్న సంగతి భూమికి అంత ముందుగా ఎలా తెలుస్తుంది?

ఈ పేచీ తీర్చడానికి ఐన్‌స్టీన్‌కు పదేళ్లు పట్టింది. ఇంటికప్పు మీద నుంచి పడుతున్న మనిషికి, పడుతున్నంతసేపూ తన బరువు తెలియదన్న ఆలోచన 1907లో ఆయనకు దారి చూపింది. 1915 నవంబర్‌లో సాధారణ సాపేక్ష సిద్ధాంతం పూర్తయింది. స్థలం, కాలం వేర్వేరు కావని, రెండూ కలిసిన స్థలకాలాన్ని పదార్థం వంచుతుందని, ఆ వంపు వెంట వస్తువులు కదలడాన్నే మనం గురుత్వాకర్షణ అంటున్నామని దాని సారాంశం.

వంపు ఆకర్షణలా ఎలా కనిపిస్తుంది? భూమధ్యరేఖ మీద ఇద్దరు మనుషులు కొంత ఎడంగా నిలబడి, ఇద్దరూ తిన్నగా ఉత్తరానికే నడిచారనుకోండి. పక్కకు తిరగకపోయినా వాళ్ల మధ్య దూరం తగ్గుతూ వచ్చి, చివరికి ధ్రువం దగ్గర కలుసుకుంటారు. ఏ బలమూ ఒకరి వైపు ఒకరిని లాగలేదు. వాళ్లు నడిచిన నేల గుండ్రంగా ఉంది, అంతే.

ఇది కాగితం మీది ఊహగా మిగిలిపోలేదు. న్యూటన్ సూత్రానికి లొంగని బుధగ్రహ కక్ష్యలోని చిన్న తేడా, శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లు, ఈ సిద్ధాంతంతో సరిగ్గా సరిపోయింది. 1919 మే 29 నాటి సూర్యగ్రహణంలో, సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్ర కాంతి వంగడం చూశారు. నేడు మన ఫోన్‌కు దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు నేల మీది గడియారాల కంటే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందు నడుస్తాయి. సాపేక్ష సిద్ధాంతం ప్రకారం ఆ తేడాను సరిచేయకపోతే, ఒక్క రోజులోనే స్థానాలు కిలోమీటర్ల కొద్దీ తప్పుతాయి.

వంపు కదిలితే తరంగం

బరువైన వస్తువులు వేగంగా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటే, వాటి చుట్టూ ఉన్న వంపు కూడా మారుతూ ఉంటుంది. ఆ మార్పు కాంతి వేగంతో నలుదిక్కులకూ పాకుతుంది. అదే గురుత్వ తరంగం. అది మన గుండా వెళ్లేటప్పుడు స్థలాన్ని ఒక దిశలో సాగదీసి, దానికి అడ్డంగా ఉన్న దిశలో కుదిస్తుంది. మరుక్షణం అది తారుమారవుతుంది.

1916లోనే ఈ తరంగాల గురించి రాసిన ఐన్‌స్టీన్, 1936లో అవి నిజంగా ఉన్నాయా అని తానే సందేహించాడు. తొలి పరోక్ష సాక్ష్యం 1974లో శాస్త్రవేత్తలు హల్స్, టేలర్ కనుగొన్న జంట న్యూట్రాన్ నక్షత్రాల నుంచి వచ్చింది. తరంగాల రూపంలో శక్తి పోగొట్టుకుంటూ అవి ఏటేటా దగ్గరవుతున్నాయి. ఆ తగ్గుదల సిద్ధాంతం చెప్పిన లెక్కతో సరిపోయింది. వారిద్దరికీ 1993లో నోబెల్ వచ్చింది.

అద్దాల మధ్య కొలత

ఈ తరంగాలను నేరుగా పట్టుకోవడం మాత్రం చాలా కష్టం. లైగోలో 4 కిలోమీటర్ల పొడవైన రెండు గొట్టాలు ఇంగ్లిష్ ఎల్ అక్షరం ఆకారంలో ఉంటాయి. వాటిలో గాలి ఉండదు. ఒకే లేజర్ కిరణాన్ని రెండుగా చీల్చి వాటిలోకి పంపుతారు. కొసల్లో ఉన్న అద్దాలు ఒక్కొక్కటి 40 కిలోలు. సన్నని గాజు పోగులతో, లోలకాల్లా వేలాడుతుంటాయి. నేల మీది అదురు వాటికి చేరకుండా ఈ ఏర్పాటు. తిరిగొచ్చిన రెండు కిరణాలూ కలిసినప్పుడు ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా అమర్చుతారు. గొట్టాల పొడవుల్లో తేడా వస్తే ఆ రద్దు చెడి, కాంతి బయటపడుతుంది. 2015 నాటి తరంగం కలిగించిన తేడా ప్రోటాన్ వెడల్పులో వందో వంతుకన్నా తక్కువ.

ఆ సంకేతపు పౌనఃపున్యం 35 హెర్ట్జ్ నుంచి 250 హెర్ట్జ్ వరకు చకచకా పెరిగింది. ఆ పెరిగిన తీరును బట్టే, కలిసినవి సూర్యుడి కంటే 36, 29 రెట్లు బరువైన కృష్ణబిలాలని తెలిసింది. కలిశాక మిగిలింది 62 సూర్యుల బరువు. తక్కిన 3 సూర్యుల బరువూ శక్తిగా మారి తరంగాల్లో వెళ్లిపోయింది. కలిసిన కృష్ణబిలం సద్దుమణిగే ముందు ఎలా కంపిస్తుందో 1970లోనే లెక్కగట్టి చూపినవారు మన దేశానికి చెందిన సి.వి. విశ్వేశ్వర.

ఇందులో మనం గుర్తుంచుకోవలసింది ఓర్పు. శాస్త్రవేత్త రైనర్ వైస్ ఈ పరికరానికి పథకం రాసింది 1972లో. తొలి లైగో 2002 నుంచి 2010 వరకు వెతికినా ఒక్క తరంగం కూడా చిక్కలేదు. ఆ ఖాళీ ఫలితాన్ని చూసి ఎవరూ పని మానలేదు. పరికరాన్ని మరింత సున్నితంగా తీర్చిదిద్దారు. 2017లో వైస్‌తో పాటు ఈ పనిలో ఉన్న బారిష్, థోర్న్‌లకు నోబెల్ దక్కింది. అదే ఏడాది ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాల కలయిక తరంగాలుగానూ, కాంతిగానూ కనిపించింది. బంగారం వంటి బరువైన మూలకాలు అలాంటి చోట్ల పుడతాయని ఆ వెలుగు తెలిపింది.

హింగోలీలో మన లైగో

తరంగం ఏ దిక్కు నుంచి వచ్చిందో చెప్పాలంటే, అది ఒక్కో కేంద్రాన్ని చేరిన సమయాల్లో తేడాలు చూడాలి. కేంద్రాలు ఎంత దూరదూరంగా ఉంటే అంత మేలు. ఇలాంటి కేంద్రాలు ఇటలీలో వర్గో, జపాన్‌లో కాగ్రా ఉన్నాయి. మహారాష్ట్రలోని హింగోలీ జిల్లా ఔంఢా నాగనాథ్ దగ్గర లైగో ఇండియా రాబోతోంది. ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన ప్రాంతమిది. సుమారు 2,600 కోట్ల రూపాయల ఈ పథకానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2030 నాటికి పూర్తి చేయాలన్నది లక్ష్యం.

దీనికి భౌతికశాస్త్రవేత్తలు మాత్రమే చాలరు. లేజర్లు, శూన్యం, గాజు, కంప్యూటర్లు, సివిల్ నిర్మాణం తెలిసినవాళ్లు ఎందరో కావాలి. ఇప్పుడు ఇంటర్, డిగ్రీ చదువుతున్న మన పిల్లలు ఆ పనిలోకి వెళ్లే వయసుకు ఈ కేంద్రం అందివస్తుంది. ర్యాంకుల కోసమే కాకుండా, భౌతికశాస్త్రం మీద ఇష్టంతో చదివే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, వాళ్లకు ఈ దారి ఒకటుందని తప్పక చెప్పండి.