నేతాజీని దాటించి... తాను మునిగింది!

1943 ఏప్రిల్ 28. మడగాస్కర్‌కు ఆగ్నేయంగా, నడి హిందూ మహాసముద్రం. రెండు జలాంతర్గాములు పైకి తేలాయి. ఒకటి జర్మనీది, రెండోది జపాన్‌ది. వాటి మధ్య అలలకు ఊగిపోతూ చిన్న రబ్బరు పడవ. అందులో తడిసి ముద్దయిన ఇద్దరు భారతీయులు. ఒకరు సుభాష్ చంద్రబోస్. మరొకరు ఆయన సహాయకుడు, మన హైదరాబాదీ అబిద్ హసన్!

నేతాజీ సాహసం అందరికీ తెలిసిందే. ఆయన్ని అంతదూరం తెచ్చిన యు-180 కథే ఎవరికీ పెద్దగా పట్టలేదు.

నిజానికి అదో ప్రయోగం. చిన్న టార్పెడో పడవల్లో వాడే డీజిల్ ఇంజిన్లు ఆరింటిని బిగించి, వేగంగా దూసుకుపోయే జలాంతర్గామిని తయారుచేద్దామనుకున్నారు. వేగమైతే వచ్చింది. కానీ ఇంజిన్లు విపరీతంగా వేడెక్కేవి, గుప్పుగుప్పున పొగ వదిలేవి. కంటపడకుండా వెళ్లాల్సిన ఓడకు పొగ... శత్రువుకు ఇంతకన్నా ఏం కావాలి! ఈ రకానివి రెండే కట్టి ఆపేశారు.

అలాంటి ఓడలో కెప్టెన్ వెర్నర్ ముసెన్‌బెర్గ్ ఫిబ్రవరి 9న కీల్ రేవు నుంచి బయల్దేరాడు. రొట్టె, దుప్పటి... అన్నీ డీజిల్ వాసనే. పెట్టేదేమో మాంసం. నేతాజీకి సయించలేదు. హసన్ స్టోరంతా వెతికితే బియ్యం, పప్పు దొరికాయి. వాటితో కిచిడీ వండితే నేతాజీ జర్మన్ అధికారులకూ పంచడం మొదలెట్టారట. ఉన్న కాస్తా అయిపోతుందేమోనని హసన్ బెంగ! ఏప్రిల్ 18న దక్షిణాఫ్రికా దిగువన బ్రిటిష్ ట్యాంకర్ కార్బిస్‌ను యు-180 ముంచేసింది. ఆ నావికుల్లో చాలామంది ప్రాణాలు పోయాయి.

నేతాజీని అప్పగించాక ఇద్దరు జపాన్ అధికారులతో, సుమారు రెండు టన్నుల బంగారంతో యు-180 వెనక్కి మళ్లింది. జులైలో ఫ్రాన్స్‌లోని బోర్డోకు చేరింది. అక్కడ ఇంజిన్లు మార్చారు, టార్పెడో గొట్టాలు తీసేశారు. యుద్ధనౌక కాస్తా సరుకుల ఓడయింది.

1944 ఆగస్టు నాటికి మిత్రదేశాల సేనలు ఫ్రాన్స్‌లో చొచ్చుకొస్తున్నాయి. 20వ తేదీన యు-180 తూర్పు దేశాలకు బయల్దేరింది. బిస్కే అఖాతంలో మూడు రోజులకే జాడలేకుండా పోయింది. లోపలున్న 56 మందిలో ఒక్కరూ మిగల్లేదు. సముద్రంలో పరిచిన మందుపాతర పేలిందని చాలాకాలం అనుకున్నారు. గాలి గొట్టంలో లోపమే కారణం కావచ్చని మరికొందరి అంచనా. ఏదీ తేలలేదు.

నేతాజీని అందుకున్న జపాన్ జలాంతర్గామి ఐ-29 కూడా అప్పటికి లేదు. జులై 26న ఫిలిప్పీన్స్‌కు ఉత్తరాన అమెరికా జలాంతర్గామి సాఫిష్ దాన్ని ముంచేసింది.